కోపం కొలిచిన ఎండాకాలం

ఆ ఎండాకాలమంతా నా పని కోపాన్ని కొలవడం. కర్నూల్లో మా కాలేజీ వెనకవైపు, జనరేటర్ షెడ్డును ఆనుకుని ఎలుకల గది ఉంది. పిల్లలు పెట్టిన తెల్లెలుక బోనులోకి ఒక కొత్త మగ ఎలుకను వదలాలి. తల్లి ఎన్ని సెకన్లకు దాని మీద పడిందో, అయిదు నిమిషాల్లో ఎన్నిసార్లు కరిచిందో స్టాప్‌వాచ్ పట్టుకుని రాసుకోవాలి. దీనికి పరిశోధన అని పేరు. ఊళ్లో ఎవరైనా అడిగితే మా అమ్మ సుబ్బలక్ష్మమ్మ "మావోడు ఎలకల డాక్టరు" అని చెప్పేది. అప్పట్లో ఆ మాట నాకు నామోషీగా ఉండేది. డాక్టరంటే బాగుచేసేవాడు. ఆ ఎండాకాలం నేను బాగుచేసింది ఏమీ లేదు కాబట్టి ఆ పేరుకు కూడా నేను తగను.

మామూలప్పుడు ఆడ ఎలుకంత పిరికిది ఇంకోటి ఉండదు. మూత తీస్తే చాలు, మూలకు పోయి నక్కుతుంది. అదే పిల్లలు పుట్టాక, తనకంటే పెద్ద మగదాని మీదికైనా ఎగిరి దూకుతుంది. కొత్తగా వచ్చిన మగది పిల్లల్ని కొరికి చంపుతుందని దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కానుపు రోజుల్లో ఒంట్లో పెరిగే హార్మోన్లు చేయించే పని అది అని మా స్వర్ణలత మేడం పాఠం చెప్పేది. ఆమె దగ్గరే నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ కోపం నిలబడేది పాలవల్లనా, పిల్లలవల్లనా అన్నది మా ప్రశ్న. కొన్ని తల్లులకు పాలు ఆగిపోయే మందు ఇచ్చాం. కొన్నిటి దగ్గరనుంచి పిల్లల్ని తీసేశాం. మార్చి ఆఖరుకు మా గదిలో సంగతి తేలింది. పాలు ఆగినా సరే, పిల్లలు పక్కనుంటే తల్లి కరుస్తూనే ఉంది. పిల్లల్ని తీసేస్తే మాత్రం పాలున్న తల్లి కూడా అయిదు గంటలకల్లా గమ్మునయిపోయింది. మగ ఎలుక వచ్చి మూతి వాసన చూసినా పట్టించుకోలేదు. నాకు భలే సంతోషమేసింది. మేడం నన్ను మెచ్చుకుని టీ తెప్పించింది.

అదే సమయంలో మా ఇంట్లోనూ ఒక పాలిచ్చే తల్లి ఉంది. మా వదిన శివజ్యోతి.

మా ఊరు బేతంచెర్లకు దగ్గర. అన్న నాగరాజ్ అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. జనవరిలో లారీలోంచి బండలు దింపుతుంటే వరస ఒరిగి మీద పడింది. అన్నకు ఇరవై తొమ్మిదేళ్లు. వదినకు ఇరవై నాలుగు. వాళ్ల పాప భువనకు అప్పటికి ఆరు నెలలు. మా నాయన ఎప్పుడో పోయాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, వదిన, చంటిపిల్ల, సెలవులకు వచ్చిపోయే నేను. అన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ భువన ముక్కు నిమురుతూ కూర్చునేది. "ఇది నాగరాజుగాని ముక్కే" అని వచ్చిన వాళ్లందరికీ చూపించేది. బొత్తిగా పోలిక లేదని నాకు తెలుసు, అయినా ఔనౌనని తలూపేవాణ్ణి.

ఏప్రిల్ మొదటి ఆదివారం వదిన వాళ్ల నాయన బొజ్జన్న వచ్చాడు. వాళ్లది నందికొట్కూరు దగ్గర పల్లె. మా ఊరి పెద్దమనిషి దేవేంద్రప్పను కూడా పిలిపించారు. భర్త పోయిన ఆడమనిషి మూడు నెలలు నిండేదాకా గడప దాటకూడదని మా వైపు కట్టుబాటు. అందుకని వదిన లోపలి గదిలోనే ఉంది. మేం మాట్లాడే ప్రతి మాటా ఆమెకు వినిపిస్తుంది. విననట్టే మాట్లాడాం.

అసలు సంగతికి రావడానికి బొజ్జన్నకు చాలాసేపు పట్టింది. తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"అక్కా, పిల్లది సిన్న వయసు. ఎన్నాళ్లని ఇట్ల కూసుంటాది? కోడుమూరులో ఒక సంబంధం ఉండాది. ఎరువుల అంగడి. పెండ్లాము సచ్చిపోయింది. ఇద్దురు పిల్లోళ్లు, వాళ్లకు తల్లి కావల్ల అంటాండాడు ఆయప్ప."

"మరి భువన?" అన్నాను నేను.

బొజ్జన్న నేల చూశాడు. "ఇంగొకరి బిడ్డను నేను సాకలేనంటాండాడప్పా."

దేవేంద్రప్ప గొంతు సవరించుకున్నాడు. "ఇదేమన్నా కొత్తనా? తండ్రి ఇంటి బిడ్డ తండ్రి ఇంట్లో ఉంటాది. అవ్వ సాకతాది. అందురికీ బాగుంటాది."

అయిదేళ్లలోపు బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని చట్టం చెబుతుందని నాకు తెలుసు. ఇంట్లో అంత చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు తెరిచి అమ్మ వైపు చూశాను. బిడ్డ ఇక్కడే ఉంటుందన్న మాటకు ఆమె మొహంలోకి మూడు నెలలుగా లేని వెలుగు వచ్చింది. నేను నోరు మూసుకున్నాను.

లోపల్నుంచి వదిన గొంతు వినపడింది. "నేను యాడికీ పోను. నాకు పెండ్లీ వద్దు, ఏమీ వద్దు. ఈడనే ఒక మూల పడుంటా. నా బిడ్డ నా దగ్గరే ఉంటాది."

"ఎట్లుంటావు మ్మా?" అన్నాడు దేవేంద్రప్ప. "మరిది పెండ్లి కానోడు. ఇద్దురూ ఒగే ఇంట్లో అంటే ఊరు గమ్మునుంటాదా?"

నాకు చెవులు కాలిపోయాయి. నాతో మాట్లాడాలంటే తలుపు పక్కన నిలబడి మాట్లాడే మనిషి ఆమె. నేను మాత్రం ఒక్క మాట కూడా తిరిగి అనలేదు.

బొజ్జన్న లేచి లోపలికి పోయాడు. "తల్లీ, నా మాటిను, బిడ్డను అవ్వకియ్యి" అంటూ ఒళ్లో ఉన్న భువన మీద చెయ్యి వేశాడు. వదిన ఆ చెయ్యి పట్టుకుని కరిచింది. ముంజేతిలో పళ్లు దిగి రక్తమొచ్చింది. అడ్డం పోయిన దేవేంద్రప్ప మీదికి చెంబు విసిరింది. కోడిని కోస్తుంటే చూడలేక పెరట్లోకి పారిపోయే ఆడపిల్ల ఆమె. అందరం బిత్తరపోయి చూశాం. బొజ్జన్న చెయ్యి చాచినప్పటినుంచి పళ్లు దిగేదాకా మూడు సెకన్లు. నేను లెక్కపెట్టాను. ఎవరూ పెట్టమనకుండానే నా మనసు ఆ లెక్క పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ అసహ్యమేస్తుంది.

వాళ్లు వెళ్లిపోయాక అమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. నీళ్ల తొట్టి గట్టు మీద కూలబడింది.

"ఆ బిడ్డ కూడా పోతే నాకేముండాది నాయనా? జ్యోతి బిడ్డను ఇడ్సదు. వాళ్ల నాయన దీన్ని ఈడ్చుకపోతే బిడ్డను గూడా ఎత్తుకపోతాది. ఇంగ నేను ఎవుర్ని సూసుకోని బతకల్ల?"

అమ్మ ఏడిస్తే నాకు బుర్ర పనిచేయదు. ఆ రోజు మాత్రం పనిచేసింది, అదే మా ఖర్మ.

"అది వదిన కోపం కాదు మా," అన్నాను. "ఒంట్లో హార్మోన్లు చేపిస్తాండే పని. బిడ్డ కండ్ల ముందర ఉన్నంతసేపే అట్లుంటాది. కొన్నాళ్లు బిడ్డను దూరం తీసుకపోతే అదే సల్లారతాది."

"ఎన్నాళ్లు?"

"ఎలకలకైతే అయిదు గంటలు. మనిషికి అయిదు రోజులు పడతాదేమో."

మనిషి గురించి నాకేం తెలుసు? ఎలుకల్లో చూసింది మనుషులకు అంటగట్టొద్దని మేడం ప్రతి మీటింగులో చెప్పేది. ఆ వాక్యం నేనే నా రిపోర్టులో రాసిచ్చాను, అందంగా, కింద గీతగీసి మరీ. అమ్మ కళ్లు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. నన్ను ఎలుకల డాక్టరుగా నమ్మింది ఆమె ఒక్కతే. "బిడ్డ గొంతు గూడా ఇనిపించగూడదు," అని నేను ఇంకా చెప్పాను. "ఫోన్లో గూడా సూపియ్యొద్దు."

భువనకు తొమ్మిదో నెల నిండింది. తట్టు సూది వేయించాలి. మా ఊళ్లో బుధవారం బుధవారం నర్సమ్మ వచ్చి వేస్తుంది, మందు కూడా ఉంది. మందు లేదని వదినకు చెప్పాను. కర్నూల్లో వేయించుకొస్తామని, అమ్మ బిడ్డను ఎత్తుకుంటుందని, సాయంత్రానికి వచ్చేస్తామని చెప్పాను. వదిన నమ్మింది. గొడవ జరిగిన నాడు నేను ఆమెకు ఎదురు ఒక్క మాట కూడా అనలేదు కదా, అందుకని నేను తన పక్షమని అనుకున్నట్టుంది.

తెల్లవారి లేచి పాలిచ్చింది. పసుపు గౌను తొడిగి అరికాల్లో కాటుక చుక్క పెట్టింది. సంచిలో బట్టలు, మెత్తటి తువ్వాలు సర్దింది. బస్సు వేళయిందని నేను తొందర పెడుతున్నాను. గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"సూదేసినాక శానా ఏడుస్తాది. నేను లేకుంటే ఎట్ల?"

"ఒగ్గంట సేపే గదా వదినా."

"ఎండ దిగినాకనే బయల్దేరండి. ఆలస్యమైనా పర్వాలేదు. బస్సులో వడగాలి తగలతాది బిడ్డకు."

గడప లోపలే నిలబడి, మేం మలుపు తిరిగేదాకా చూసింది. ఆలస్యమైనా పర్వాలేదన్న ఆ మాట అమ్మకు కూడా గుచ్చుకుందేమో, బస్సెక్కేదాకా బిడ్డ తలమీది కొంగు సర్దుతూనే ఉంది.

కర్నూల్లో నా అద్దె గదిలో అమ్మనూ బిడ్డనూ పెట్టాను. సూది మాత్రం వేయించాం. మేం చెప్పిన అబద్ధంలో అదొక్కటే నిజం. భువన రెండు రోజులు డబ్బా పాలు ముట్టలేదు. అమ్మ ఒళ్లో వేసుకుని చెంచాతో పోస్తే ఉమ్మేసింది. నిద్ర పట్టక గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆకలని మళ్లీ చెంచా నోట్లో పెట్టేవాళ్లం. మూడో రోజుకు మింగింది. నా ఫోను మోగుతూనే ఉంది. వదిన, వదిన, వదిన. సైలెంట్లో పెట్టి జేబులో వేసుకుని ఎలుకల గదికి పోయాను. జేబులో అది అదురుతున్నప్పుడల్లా తొడకు తెలిసేది. నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి అదరడం ఆగిపోయింది.

ఆ సాయంత్రమే పక్కింటి గంగక్క ఫోన్ చేసింది. వదినకు తోడుగా ఆమెను పెట్టి వచ్చాం.

"ఏమప్పా, మీ వదినకు పాలు గడ్డకట్టినాయి. ఒళ్లు కాలిపోతాండాది. మల్లెపూలు కట్టల్ల. ఈడ బేతంచెర్లలో ఒగటీ అరా తప్ప దొరకలా. నువ్వు పట్టుకరా."

రొమ్ము మీద మల్లెపూలు కడితే పాలు ఆగిపోతాయి. మా వైపు పాత పద్ధతి. బిడ్డ పోయిన తల్లులకు కడతారు. మరుసటి రోజు పొద్దున నేను మేడం దగ్గరికి పోయి, మా బంధువులామెకు ఇట్లా ఉంది, మాత్ర ఏదన్నా ఉంటుందా అని అడిగాను.

"మాత్ర ఉంది కానీ డాక్టర్ చూడాలి. జ్వరముందంటున్నావు, ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్లమను," అంది. తర్వాత కళ్లద్దాలు తీసి అడిగింది. "బిడ్డకేమైంది అవినాష్?"

"ఏమీ కాలేదు మేడం. బాగుంది."

"మరి పాలెందుకు ఆపుతున్నారు?"

బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

పూల మార్కెట్లో రెండు సంచుల మల్లెపూలు తీసుకున్నాను, విడిపూలు కొన్ని, దండలు కొన్ని. మంచి సీజను. బస్సంతా వాసన నిండిపోయింది. పక్కసీటు పెద్దామె ఒక పువ్వు తీసుకుని కొప్పులో పెట్టుకుంది. "పెండ్లా అప్పా?" అని అడిగింది. కాదన్నాను. "దేవునికా?" అంది. ఔనన్నాను. ఆమె సంచికి చెయ్యి తాకించి కళ్లకద్దుకుంది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అన్న పదకొండో రోజున వదిన తల నిండా పూలు పెట్టి, తర్వాత ఆ పూలన్నీ లాగేసింది ఈ గంగక్కే. ఈ జన్మకు పూలు అంతే అన్నారు ఆ రోజు. ఇప్పుడు నా చేతిలో సంచులు అందుకుని, "ఇన్ని తెచ్చినావే" అంది. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. రవిక మీద తడిగుడ్డ కప్పుకుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను గడప దగ్గరే ఆగాను. కొడుతుందని, తిడుతుందని, మీద పడుతుందని భుజాలు బిగించుకుని మరీ నిలబడ్డాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"సూదేసినాక జొరమొచ్చిందా?"

"కొంచెం వచ్చింది. తగ్గింది వదినా."

"పాలు తాగతాందా?"

"తాగతాంది. డబ్బా పాలు. చెంచాతో."

తడిగుడ్డ పైకి లాక్కుంది. "చెంచా అంచు నున్నగా ఉండేది సూడండి. చిగుళ్లు కోసుకుంటాయి," అంది.

ఎప్పుడు తెస్తారని అడగలేదు. ఎందుకు చేశారనీ అడగలేదు. గంగక్క తలుపు దగ్గరికి వేసింది. నేను అరుగు మీద కూర్చున్నాను. లోపల్నుంచి "ఓర్చుకో తల్లీ, బిగించి కట్టల్ల" అన్న గంగక్క మాట తప్ప వదిన గొంతు వినపడలేదు. బోనులో పిల్లలు లేని తల్లులు ఇట్లాగే కూర్చుంటాయి. నేను చెప్పినట్టే జరిగింది. అయిదు రోజులు కూడా పట్టలేదు. ఫోన్ తీసి అమ్మకు చెప్పాను, "గమ్మునయింది మా" అని. "అహోబిలం నరసింహసామి దయ" అంది అమ్మ, వెనకాల భువన ఏదో ఊసులు పోతోంది. జ్వరం తర్వాత రెండ్రోజులకు తగ్గింది. ఆస్పత్రికి మాత్రం ఎవరమూ తీసుకుపోలేదు, గడప దాటకూడదు కదా.

మూడు నెలలు నిండిన మరుసటి రోజే బొజ్జన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. దేవేంద్రప్ప కాగితం రాయించాడు. బిడ్డ తండ్రి ఇంట పెరగడానికి వదినకు సమ్మతమేనని. వదిన దాన్ని చదివి సంతకం పెట్టింది. పిల్ల దారికొచ్చిందని ఊళ్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు కూడా నిమ్మళమనిపించింది. అబద్ధమెందుకు, ఆ వారం బాగా నిద్రపోయాను.

మే నెలంతా ఎలుకల గది కాలిపోయేది. ఎలుకలకు కూలర్ పెట్టాం, మాకు లేదు. ఆ గది చూసుకునే ఆయన పేరు లేవి. యాభై దాటాయి. పాతికేళ్లుగా ఎలుకల బోనులు కడుగుతున్నాడు, నా కన్నా ఆయనకే వాటి సంగతి బాగా తెలుసు. ఒకరోజు ఒక తల్లి దగ్గర పొద్దున పిల్లల్ని తీసి వేరే పెట్టెలో పెట్టి క్లాసుకు పోయాను. అయిదు గంటల తర్వాత వచ్చి మగదాన్ని వదిలాను. గమ్మునుండాల్సిన తల్లి ఎగిరి దాని మెడ పట్టింది. రెండూ బోనంతా దొర్లాయి. విడదీసేసరికి నా గ్లౌజు చిరిగింది. చూస్తే గూట్లో పొట్టు కింద పిల్లలు ఉన్నాయి.

"నేనే ఏసినా సార్," అన్నాడు లేవి. "పిల్లల కోసరం మూల మూలా ఎతుకుతాంటే సూడలేకపోయినా. ఇప్పుడే, పది నిమిషాలు గూడా కాలా."

ప్రయోగం చెడగొట్టావని ఆయన మీద గయ్యిమన్నాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సంగతి మేడంకు చెబితే ఆమె ఆయన్ని ఏమీ అనలేదు. దీన్నే పద్ధతిగా చేసి చూడమంది. ఎనిమిది తల్లులతో చేశాను. అయిదు గంటలు పిల్లలు లేక మెత్తబడ్డ తల్లులు, పిల్లల్ని తిరిగి ఇచ్చిన కొద్ది నిమిషాలకే మళ్లీ దూకాయి. ఎనిమిదింటికి ఎనిమిది.

"చూశావా, కోపం ఎక్కడికీ పోలేదు," అంది మేడం ఉత్సాహంగా.

నేను బయటికొచ్చి జనరేటర్ షెడ్డు నీడలో కూర్చున్నాను. చెంచా అంచు నున్నగా ఉండాలన్న గొంతు వినపడుతూనే ఉంది. వదిన మనసు మార్చుకోలేదు. చల్లారిందీ లేదు. చల్లారిందని అమ్మకు ఫోన్ చేసి చెప్పింది నేను. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. అన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వదినకు శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నారని ఆ వారమే తెలిసింది.

జూన్‌లో మొదటి వాన పడింది. అమ్మ, భువన అప్పటికీ కర్నూల్లో నా గదిలోనే ఉన్నారు. ఊళ్లో ఇల్లు కారుతోందేమో చూసొస్తానని అమ్మ ఒక పూట పోయింది. భువనను నా దగ్గర వదిలింది. అప్పటికి దానికి పదకొండు నెలలు. మంచం పట్టుకుని నడుస్తోంది. అమ్మ బస్సు కదిలిందో లేదో, నేను భువనను ఎత్తుకుని నందికొట్కూరు బస్సెక్కాను. ఎందుకు పోతున్నానని ఎవరైనా అడిగి ఉంటే, తప్పు దిద్దుకోవడానికని చెప్పేవాణ్ణి. నేను కూడా అదే అనుకున్నాను.

బొజ్జన్న చేనికి పోయాడు. వదిన ఒక్కతే పంచలో కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి లేచింది. ఒళ్లోని పప్పులన్నీ నేల మీద పడ్డాయి. వాటిని తొక్కుకుంటూ వచ్చింది.

"బువనా" అని చేతులు చాచింది. భువన ఒకసారి చూసి మొహం నా మెడలో దాచుకుంది. వదిన తీసుకోబోతే "అవ్వా, అవ్వా" అని కెవ్వుమంది. వదిన చేతులు ఒక్క క్షణం గాల్లో ఆగిపోయాయి. తర్వాత గట్టిగానే తీసుకుంది. భువన వెనక్కి విరుచుకుంది, తన్నింది, జుట్టు పీకింది. వదిన భుజాన వేసుకుని పంచలో ఆ చివరనుంచి ఈ చివరకు తిరిగింది. ఏదో సన్నగా అంటూనే ఉంది. చాలాసేపటికి ఏడుపు వెక్కిళ్లయింది. వెక్కిళ్లు కూడా తగ్గాయి. చివరికి తల భుజం మీద వాల్చింది.

నేను ఒక అడుగు ముందుకేశాను. వదిన చటుక్కున తిరిగింది.

"తాకొద్దు!"

మొహం ఎర్రబడింది. ఒక చేత్తో బిడ్డను అదుముకుని ఇంకో చెయ్యి నా మీదికి ఎత్తింది. నాకు సంతోషమేసింది. కొట్టు వదినా, కొట్టు అనుకున్నాను. కొడితే నాకు బాగుంటుందనిపించింది.

ఆమె కొట్టలేదు. ఆయాసపడుతూ అడిగింది. "ఈడ ఇడ్సిపెట్టి పోతావా?"

అంత మామూలు ప్రశ్న నేను అనుకోనే లేదు. పొద్దుట్నుంచి, బస్సులో, దారిలో, దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"అమ్మకు తెలీదు వదినా. సాయంత్రానికంతా వస్తాది. బిడ్డ లేకుంటే..."

"మా నాయనకు నువ్వు సెప్తావా? దేవేంద్రప్పకు సెప్తావా? బిడ్డ తల్లి దగ్గరే ఉండల్లని? నువ్వు సదువుకున్నోనివి. నీ మాట ఇంటారు."

"సెప్తా వదినా. టైము సూసి..."

నేల చూస్తూ అన్నాను. మా ఇంట్లో బొజ్జన్న చూసినట్టే.

ఆమె ఎత్తిన చెయ్యి దించింది. "మరేంటికి తెచ్చినావప్పా?" అంది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "సూసేదానికా?"

ఔను, చూసేదానికే. తొమ్మిదో తల్లి దగ్గరికి బిడ్డను మోసుకొచ్చాను, కోపం వస్తుందా రాదా అని. వచ్చింది. చూశాను. ఇక బస్సెక్కి వెళ్లిపోతాను.

ఆమె భువనను భుజం మీదనుంచి తీయడానికి చాలాసేపు పట్టింది. వీపు నిమిరింది, పాదాలు చూసింది, మెడ మడతలో పేలిన చెమటకాయ చూసి కొంగుతో అద్దింది. తర్వాత తానే తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"నిద్దరొచ్చేటప్పుడు చెవి పట్టుకుంటాది," అంది. "తమ్మె దగ్గర, రెండు వేళ్లతో. నాది లేకుంటే ఎవురిదైనా పర్వాలేదు. మీ అమ్మకు సెప్పు. చెవి దొరక్కపోతే ఏడుస్తాది. ఆకలని పాలు పట్టొద్దు, ఉమ్మేస్తాది."

సరే వదినా అన్నాను. ఆమె మళ్లీ కూర్చుని నేల మీది పప్పులు ఏరుకోవడం మొదలుపెట్టింది. నేను బయటికొచ్చేదాకా తలెత్తలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వాన తర్వాతి గాలి చల్లగా ఉంది. కొంతదూరం పోయేసరికి భువనకు కళ్లు మూతలు పడ్డాయి. నేను మెడ వంచి నా చెవి దాని చేతికి అందేట్టు పెట్టాను. అది నా చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోయింది. చెయ్యి తీసి చెవి మీద పెట్టాను. జారిపోయింది. ఇంకోసారి పెట్టాను. ఆ అలవాటు ఎప్పుడు పోయిందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు, అది ఉండేదనే మాకు తెలీదు. కర్నూలు వచ్చేదాకా నేను మెడ అట్లాగే వంచి కూర్చున్నాను.